పచ్చ రంగు కింద మా దూలం

నేను ఏం పని చేస్తానో ఒక్క మాటలో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఒక భవనం వల్ల నేలకూ నీళ్ళకూ గాలికీ ఎంత భారమో లెక్కకట్టి, ఆ భారం హద్దులో ఉంటే ఉందని రాసి సంతకం పెడతాను. గ్రీన్ సర్టిఫికెట్ అంటే జనానికి కొంత అర్థమవుతుంది. కప్పు మీద సోలార్ పలకలు, గోడ మీద తీగలు అనుకుంటారు. అందులో ఎక్కువ భాగం కంటికి కనబడని సంగతులే. ఇటుక మట్టి ఎక్కడ తవ్వారు, ఇనుము ఎంత దూరం నుంచి లారీలో వచ్చింది, ఎండాకాలం లోపల ఎన్ని ఫ్యాన్లు తిరగాలి, కొన్నేళ్ళు పోయాక ఏది పాడవుతుంది, చివరికి కూల్చినప్పుడు ఆ పెళ్ళలు ఎక్కడ పోస్తారు. జాతకం రాసే అయ్యవారు పుట్టుక గురించి గట్టిగా, చావు గురించి మెల్లగా చెబుతాడు. మేము రెండూ ఒకే గొంతుతో చెప్పాలి.

ఈ పనికి నేను తగినవాణ్నని మొదటి నుంచీ అనిపించేది. ఒక ఇల్లు ఎట్లా ముగుస్తుందో నాకు తెలుసు.

మా ఇల్లు వర్ధన్నపేట దాటి తొర్రూరు వైపు వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో ఉండేది. మేము ఇల్లు అనేవాళ్ళం. ఊరు దొరల గడి అనేది. నా చిన్నతనానికే భూములు పోయాయి, పనివాళ్ళు పోయారు, డంగు సున్నం గోడలూ టేకు కలపా మాత్రం మిగిలాయి. తరువాత నేను చదువు కోసం బయట ఉన్నప్పుడు మా చిన్నాయన ఇంటిని కలప కింద అమ్మేశాడు. నేను వచ్చేసరికి గోడలున్న చోట మక్కజొన్న వేసి ఉంది. గట్టు మీద కాసేపు నిలబడి, వచ్చిన బస్సెక్కి తిరిగి వచ్చేశాను. ఇప్పుడు హనుమకొండలో ఒక మేడ మీద రెండు గదుల కిరాయి పోర్షన్‌లో మా మేనత్తతో ఉంటున్నాను. ఇస్త్రీ లేని చొక్కా వేసుకోను. ఎవరి ముందూ నడుం వంచి కూర్చోను. మా ఇంటి నుంచి నాకు దక్కిన ఆస్తి ఈ నిటారు నడుమే. దీన్ని ఎవరూ కలప కింద అమ్మలేరు.

మా అత్తమ్మ దృష్టిలో ఇల్లు కూలలేదు. తాళం వేసి ఉంది. అమ్మకం సంగతి మా వాళ్ళెవరూ ఆమెకు ఎదురుగా చెప్పలేదు, ఆమె అడగలేదు. అడగాల్సిన అవసరం రాకుండా మాట్లాడుకోవడం మా ఇంటి మర్యాద. చుట్టాలెవరైనా ఊరి మాటెత్తితే "తాళమేసి వచ్చినం" అంటుంది. అమ్మకానికి ముందు ఊరు వదిలినప్పటి ఆ తాళంచెవి ఇప్పటికీ ఆమె నడుముకు వేలాడుతుంది. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. నడిమింట్లో దూలానికి వేసిన ఉయ్యాల బల్ల మీదే ఆమె పగళ్ళన్నీ గడిచాయి. ఇక్కడ ఉయ్యాల లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కుడికాలి బొటనవేలితో గచ్చును మెల్లగా నెడుతుంది, కాస్త ఆగుతుంది, మళ్ళీ నెడుతుంది. కుర్చీ కదలదు.

మగ్గాల షెడ్డు ఫైలు నా దగ్గరికి వచ్చినప్పుడు అందులో నన్ను ఆపే సంగతేమీ లేదు. వరంగల్ శివారులో, ఖమ్మం రోడ్డు నుంచి లోపలికి తిరిగే మట్టిదారిలో, జంపఖానాలు నేసే ఆడవాళ్ళు సంఘంగా కట్టుకున్న షెడ్డు అది. వాళ్ళ సరుకు తీసుకుంటామన్న విదేశీ కంపెనీ ఒక షరతు పెట్టింది. నేత జరిగే చోటుకు మా సర్టిఫికెట్ ఉండాలి, అదీ ఒక మెట్టుకు తగ్గకుండా ఉండాలి. అది వస్తే ఏడాది పొడుగునా అందరికీ పని. రాకపోతే ఎవరింట్లో వాళ్ళు మళ్ళీ దళారి కోసం ఎదురుచూడటమే. గాలికి, వెలుతురుకు, సున్నం గోడలకు షెడ్డుకు మంచి మార్కులే వస్తాయి. కాని ఆ మెట్టు అందాలంటే పాత కలప వాడినందుకు ఇచ్చే పాయింట్లు తప్పనిసరి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మొదటిసారి వెళ్ళాను. సంఘం పెద్ద యాభై దాటిన మనిషి. భర్త సూరత్ మరమగ్గాల్లో పనికి పోయి అక్కడే ఉండిపోయాడని తరువాత తెలిసింది. అందరూ అక్కా అంటున్నారు, నేనూ అక్కా అనే పిలిచాను. కిటికీలు ఉత్తరానికి ఎందుకు పెట్టారో, వాన నీళ్ళు ఎక్కడికి దిగుతాయో తడబాటు లేకుండా చూపించింది. కలప దగ్గరికి వచ్చేసరికి మాటలు తగ్గాయి.

స్తంభాలూ దూలమూ అన్నిటికీ మెరిసే పచ్చ రంగు, వేలితో నొక్కితే దిగబడేంత మందంగా పూసి ఉంది. పాత కలప అని కాగితంలో రాశారు, ఏది పాతదని అడిగాను.

"అంత పాతదే సారు."

"పాతదంటె మేకుల తూట్లు, కోత గుర్తులు కనబడాలె గదా. ఇది నిన్న దుకాణంల కొన్నట్టున్నది."

"మంచిగ లప్పం పెట్టిచ్చి రంగేపిచ్చినం సారు. పాతది పాతదాని లెక్కనే కనబడితె ఎవలు మెచ్చుతరు?"

వెనక మగ్గంలోంచి ఎవరో అన్నారు, "అక్క నెత్తికి గూడ గట్లనే ఏస్తది సారు." అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, కాని ఆమె చేయి జుట్టు మీదికి పోలేదు. ఆమె చూపు దూలం మీదికి పోయింది.

వరుసలో నడిమి మగ్గం ఖాళీగా ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఎవరిదని అడిగితే, ఒక ముసలామెది, పానం బాగలేదు, ఇంటి దగ్గరే నేస్తోందని చెప్పింది.

మధ్యాహ్నం అన్నాల వేళకు మగ్గాలు ఆగాయి. డబ్బాలు తెరిచిన చప్పుడు, మాటలు, కొంత సేపటికి అవీ తగ్గాయి. పెంకుల వేడి కర్రలోకి దిగుతున్న వేళ. పైన కిర్రుమంది. కాస్త ఆగి ఇంకోసారి, మొదటిదానికంటే తక్కువ గొంతుతో. పోయి వచ్చినట్టు.

ఎండకు టేకు పలుకుతుందని నాకు తెలుసు. రిపోర్టుల్లో రాశాను కూడా. కాని ఏ రెండు దూలాలూ ఒకే గొంతుతో పలకవు. తల ఎత్తి చూశాను. లప్పం ఆరిన తరువాత కొద్దిగా కుంగుతుంది, రంగు ఎంత మందంగా వేసినా ఆ గుంట దాగదు. ఖాళీ మగ్గానికి సరిగ్గా పైన, దూలం అంచున, ఉయ్యాల బల్లంత ఎడంలో రెండు చోట్ల వేలు పట్టేంత వెడల్పున రంగు లోపలికి పోయి ఉంది. మా ఉయ్యాల గొలుసుల ఇనుప కడేలు అక్కడ కర్రను కోసుకుంటూ తిరిగేవి. ఆ గాడుల్లో వేళ్ళు పెట్టడానికి నేను చిన్నప్పుడు మా బాపు భుజాలెక్కేవాణ్ని.

చాయ్ తాగి పొమ్మన్నారు. నిలబడే తాగాను. రంగు గీకించి పాత గుర్తు చూపించడమో, కలప కొన్న అడితి రసీదు చూపించడమో ఏదో ఒకటి కావాలని చెప్పి వచ్చేశాను. అది మామూలుగా ఎవరికైనా చెప్పే మాటే.

ఆ రోజు నుంచి మా పోర్షన్‌లో ఆ చప్పుడు వినబడటం మొదలైంది. మాది కాంక్రీటు కప్పు. అందులో పలికే కర్ర ఒక్కటి కూడా లేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చుంటే పైన కిర్రుమనేది. తల ఎత్తితే సున్నం, ఫ్యాను, సాలెగూడు. అత్తమ్మ వైపు చూస్తే ఆమె కాలు గచ్చును నెట్టి అప్పుడే ఆగి ఉండేది. పై అంతస్తువాళ్ళు మంచం జరుపుతున్నారేమో అనుకుందామంటే మా పైన ఎవరూ లేరు.

ఒక రోజు ఆమెను ఆ దూలం సంగతి అడిగాను. ఆ ఇంటి గురించి నేనై అడగడం ఎన్నో ఏండ్లకు అదే మొదటిసారి. ఆమె ముఖం తేటపడింది. ములుగు అవతలి అడవిలో మా తాత స్వయంగా చెట్టు చూసి కొట్టించాడని, బండి మీద పట్టకపోతే ఊళ్ళకు ఊళ్ళు కదిలి రోజుల తరబడి భుజాల మీద మోసుకొచ్చాయని చెప్పింది. కూలి మాట రాలేదు. మా ఇంటి కథల్లో కూలి మాట ఎన్నడూ రాదు. వెట్టి అనే మాట కూడా రాదు.

"వాగు కాడ జర ఆగిన్రట బిడ్డ. మళ్ళ లేపిన్రట. పొద్దూకెటాల్లకు వాకిట్ల ఉన్నది," అని ముగించింది.

వాగు దగ్గర ఎందుకు ఆగారని అడిగాను. అలసిపోయి ఉంటారంది. ఆమె కాలు మళ్ళీ గచ్చును నెట్టింది.

మా పద్ధతిలో ఒక నియమం ఉంది. ఒక ఇంటి నుంచి తీసి మరో ఇంటికి వాడిన వస్తువుకు పాత భారం ఉండదు. చెట్టు కొట్టిన భారం, మోసిన భారం, అంతా మొదటి ఇంటికే చెందుతుంది. రెండో ఇంటి లెక్కలోకి ఆ వస్తువు సున్నాతో అడుగుపెడుతుంది. ఆ సున్నా ఎన్నోసార్లు నా చేత్తో రాశాను, అందులో తప్పేమీ లేదు. లేకపోతే పాత వస్తువును ఎవరూ ముట్టుకోరు. కాని ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ఆలోచిస్తే, మొదటి ఇల్లే లేనప్పుడు ఆ భారం ఎక్కడ నిలబడి ఉంటుందనేది నాకు తోచలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు అక్క నన్ను లోపలికి పోనివ్వలేదు. షెడ్డు వెనక నీళ్ళ ట్యాంకు నీడలో కుర్చీలు వేయించింది. అడితి మూతబడింది, రసీదు కొన్నప్పుడే ఇవ్వలేదట. ఇక మిగిలింది రంగు గీకడమే.

"గీకితె సర్టిఫికెట్ వస్తది సారు," అంది. "అది వచ్చినంక నేసెటోళ్ళు ఉండరు. ఏం జెయ్యమంటరు చెప్పుండ్రి."

అప్పుడు జరిగింది చెప్పింది. షెడ్డు ప్లాను గీసిన ఇంజనీరు పాయింట్ల కోసం అడితిలో పాత కలప బేరం చేశాడు. లారీ దించిన హమాలీలు పోతూ పోతూ ఒక మాట చెప్పిపోయారు, అది గడి దూలం, మనిషిని తిన్న దూలం అని. మా దిక్కు చెడిపోయిన ఇంటి కలప ఎవరూ తెచ్చుకోరు. ఆ ఇంటికి పట్టింది కర్రతో పాటే వస్తుందంటారు. దాని కింద కూర్చునేది లేదని ఆడవాళ్ళు ఖరాఖండిగా చెప్పారు. డబ్బు కట్టేశారు, తిరిగి తీసుకునేవాడు లేడు. అక్క ఆ కలపను వడ్రంగి పని చేసే వడ్లాయన ఇంటికి పంపించి, చిత్రిక పట్టించి, తూట్లకూ గాడులకూ లప్పం పెట్టించి, రంగు వేయించి, వేరే కలపకు మార్చి తెచ్చానని చెప్పి పైకెక్కించింది. గడుల్లో పచ్చ రంగు ఎవరూ చూసి ఉండరని ఆ రంగే ఎంచుకుంది. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు వెతికేది సరిగ్గా తాను దాచిన ఆ గుర్తులనేనని ఆమెకు అప్పుడు తెలియదు.

"అందరు నమ్మిన్రు. ఒక్క ముసలామె నమ్మలె. దానికి గొంతున్నది, చిన్నప్పుడు ఇన్న, రంగేస్తె గొంతు మారదన్నది. ఎవలకు జెప్పలె, లొల్లి జెయ్యలె. నాడె సంకల వెట్టుకొని ఇంటికి పోయింది."

నాడె అంటే పోగును అటూ ఇటూ తోసే కర్ర. నడిమి మగ్గం ఆమెదే. ఎవరి గడి అని అడిగాను. అక్క మా ఊరి పేరు చెప్పింది.

"దొరలెవలు మిగల్లేదు సారు. ఒక్కడున్నడంటరు, యాడనో నౌకరి జేస్కుంటాండట. పాపం."

ఎవరైనా నన్ను తిడితే ఏం చేయాలో నాకు తెలుసు. ఆ చివరి మాటకు ఏం చేయాలో తెలియలేదు.

"ఆ ఒక్కణ్ని నేనే," అన్నాను.

ఆమె లేచి నిలబడింది. తాను నిలబడుతున్నానని ఆమెకు తెలియదనుకుంటాను. ఆమె తల్లికో, తల్లి తల్లికో నేర్పిన లేవడం అది. కూర్చో అక్కా అన్నాను. ఆమె నన్ను చూసింది, తాను నిలబడిన చోటును చూసుకుంది, కుర్చీని ముందుకు లాక్కుని బరువుగా కూర్చుంది. లేచినప్పటికంటే ఆ కూర్చోవడానికే ఎక్కువ బలం పట్టినట్టుంది.

"మొన్ననే చెప్పకపోతిరి సారు," అంది చివరికి.

"నువ్వు చెప్పినవా?"

"లేదు లే. ఇద్దరం రంగేసుకొనే కూసున్నం."

ఇక నా చేతుల్లో ఏముందో చెప్పాను. నాకు సంబంధమున్న వస్తువుకు నేను మార్కులు వేయకూడదు. నేను తప్పుకుంటే ఇంకో అసెసర్ వస్తారు. ఈ కలప ఫలానా ఇంటిది, ఆ ఇల్లు ఇప్పుడు లేదు అని ఆ ఇంటి మనిషిగా నేను రాసి ఇవ్వగలను. కాని మాట ఒక్కటే చాలదు, మాటకు సరిపోయే గుర్తు కర్ర మీద కనబడాలి. రెండు గాడుల దగ్గర గీకితే చాలు. అయితే ఆ గీకుడు అందరూ చూస్తారు.

ఆ ఇల్లు లేదు అనే మాట నేను పైకి అనడం అదే మొదలు. ట్యాంకు నల్లా తిప్పి ఆమే గ్లాసు నీళ్ళిచ్చింది.

అక్క గ్లాసు తీసుకుని కడిగి బోర్లించింది. అబద్ధం తాను చెప్పింది కాబట్టి నిజం కూడా తానే చెబుతానంది. ఇంతమందీ ఆమె మాట మీదే ఇండ్లు వదిలి ఇక్కడికి వచ్చారు. ఆ మాట పోతే షెడ్డు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. "గని ముసలామె ఒకటి అడుగుతది. అది నా తాన లేదు. మీరే ఇయ్యాలె," అంది.

ఎద్దును అమ్మినప్పుడు పాత ఆసామి దాని వీపు మీద చెయ్యేసి పోయిరా అంటాడు. ఆ మాట అనకుండా తోలితే ఎద్దు మేత ముట్టదు, పాత కొట్టం వెతుక్కుంటూ పోతుందని మా దిక్కు నమ్మకం. ఇంటి కలపకు కూడా కొందరు అట్లాగే చేస్తారు. ఈ దూలానికి ఆ మాట ఎవరన్నా అన్నారా అని అక్క అడిగింది. మా చిన్నాయన ఇల్లు విప్పుతుంటే చూడలేక హైదరాబాదులో కూర్చున్నాడు. నేను లేను. అత్తమ్మకు చెప్పనే లేదు. ఎవరూ అనలేదు.

నిచ్చెనెక్కి పదిమంది ఆడవాళ్ళ ముందు ఒక కర్రకు వీడ్కోలు చెప్పడం నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో ఎద్దులకు ఆ మాట జీతగాళ్ళు అనేవాళ్ళు, మా వాళ్ళు అరుగు మీద నుంచి చూసేవాళ్ళు. ఆ షెడ్డు నిలబడాలని ఒప్పుకున్నానని నేను చెప్పుకోవచ్చు, అది కొంత నిజం. మా కప్పులో ఆ చప్పుడు ఆగాలని కూడా ఒప్పుకున్నాను.

ఆ రోజు అన్నాల వేళకే అక్క అందరినీ కూర్చోబెట్టింది. అక్క ఎక్కువ మాట్లాడలేదు. మార్చలేదు, అదే దూలం, రంగేసి మిమ్మల్ని మోసం చేశానని చెప్పి ఊరుకుంది. ఇద్దరు ముగ్గురు అప్పుడే లేచి దూలం నీడ పడే చోటు నుంచి పక్కకు జరిగారు. ఒకామె, ఆ రంగు డబ్బాల ఖర్చు కూడా మన సంఘంలోదేనా అక్కా అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. ఇంకొకామె తన టిఫిన్ డబ్బా మూత బిగించి, ఇంటికి పోయేదానిలా చెప్పులు వెతుక్కుంది. అక్క ఆమెను ఆపలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. ఆ షెడ్డు ఉంటుందో పోతుందో ఆ చెప్పులు తొడుక్కునేలోగా తేలిపోయేలా ఉంది.

అప్పుడు ముసలామె వచ్చింది. అక్క ముందే కబురు పంపిందట. గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా? నడుం జూస్తెనే ఎరుకైతాంది. మీ తాత గిట్లనే నిలవడుతుండె, ఎవలో ఎనక కట్టె కట్టినట్టు."

చెప్పులు వెతుక్కుంటున్నామె ఆగింది. నేను అవునన్నాను. ముసలామె వచ్చి తన మగ్గం గుంట అంచున కూర్చుని, మా అత్తమ్మ చెప్పిన కథే చెప్పింది, అవతలి పక్క నుంచి. వెట్టికి పట్టుకొచ్చిన మనుషులు అడవి నుంచి మోస్తున్నారు. వాగులో రాళ్ళ మీద ముందు వరుసలో ఒకడి కాలు జారింది. దూలం వాడి మీద పడింది. మిగిలినవాళ్ళు దించి నిలబడ్డారు. పొద్దూకేలోగా వాకిట్లో ఉండాలన్నది హుకుం. వాణ్ని గట్టు మీద పండబెట్టి, వాడి స్థానంలో ఇంకొకణ్ని పెట్టి మళ్ళీ ఎత్తారు. తిరిగి వచ్చేసరికి వాడిలో ప్రాణం లేదు. ఆమె తండ్రి ఆ మోతలో ఉన్నాడు. చచ్చేదాకా ఆ వాగు నీళ్ళు తాగలేదట.

వాగు కాడ జర ఆగిన్రట. మా ఇంట్లో ఆ కథ ఎన్నిసార్లు విన్నానో. ఆగిన చోట ఎవరున్నారని ఒక్కసారీ అడగలేదు, మొన్నటిదాకా.

వడ్లాయన నిచ్చెన వేసి రెండు గాడుల దగ్గర రంగు గీకాడు. లప్పం పెళ్ళలు రాలి గుడ్డ కప్పిన మగ్గం మీద పడ్డాయి. పచ్చ కింద తేనె రంగు కర్ర బయటపడింది, నున్నగా, కడెం తిరిగిన గుండ్రంతో. ఆ వాసన షెడ్డంతా నిండింది. ఎండకు కాగిన పాత టేకు వాసన, అందులో ఆముదం వాసన. కడేలు అరవకుండా మా ఇంట్లో ఆముదం పోసేవాళ్ళు. ఆ వాసనతో మా నడిమిల్లు, దాని చల్లటి బండలు, గొలుసు కదలిక, అన్నీ ఒక్క క్షణం నా చుట్టూ లేచి నిలబడ్డాయి.

పైకెక్కాను. పెంకులు తలకు తగులుతుంటే మెడ వంచక తప్పలేదు. చెయ్యి దూలం మీద పెట్టాను. వెచ్చగా ఉంది, పశువు వీపులా. వేలు గాడిలో సరిగ్గా కూర్చుంది. కింద అందరూ తలలెత్తి చూస్తున్నారు. నేను కిందికి చూస్తుంటే ముసలామె, "మాకు గాదు, దానికి జెప్పు," అంది.

"పోయిరా," అన్నాను దూలంతో.

దిగబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది. "వానిగ్గూడ చెప్పు. వానికి గూడ ఎవలు చెప్పలె."

ఆయన పేరేమిటని అడిగాను. తెలియదంది. వాళ్ళ నాన్న ఎప్పుడూ పేరు చెప్పలేదట, చెబితే పిలిచినట్టవుతుందని. మా ఇంట్లో వెట్టికి వచ్చినవాళ్ళను అరేయ్ అని తప్ప పిలిచిన నోరు లేదు. పేరు లేని మనిషిని ఏమని పిలవాలో నాకు తోచలేదు. ఆ గాడిలో వేలు మళ్ళీ పెట్టాను.

"పోయి రండి," అన్నాను.

ముసలామె ఆ మాటను నమిలి చూస్తున్నట్టు దవడలు కదిపింది. తరువాత మగ్గం మీద గుడ్డ తీసి, లప్పం పెళ్ళలు కొంగుతో దులిపి, గుంటలోకి కాళ్ళు దించింది. సంకలోంచి నాడె తీసింది. మొదటి పోగు కొట్టిన చప్పుడుకు పైన దూలం కిర్రుమంది. ఒకరిద్దరు ఉలిక్కిపడ్డారు. ఆమె తల ఎత్తలేదు.

"పలికితె పలకనియ్యి. ముసలిదైంది, నాలెక్కనే," అంది.

చెప్పులు వెతుక్కున్నామె వాటిని మళ్ళీ గోడ పక్కన పెట్టింది. అక్క అప్పుడు ఏడ్చింది, చప్పుడు లేకుండా, ముఖం గోడకు తిప్పుకుని. నేను చూడనట్టు నిచ్చెన మడిచి ఇచ్చాను.

ఇంకో అసెసర్ తరువాత వచ్చి గాడులు చూశాడు, నా కాగితం చూశాడు, పాయింట్లు ఇచ్చాడు. సర్టిఫికెట్ వచ్చింది. అక్క ఫోన్ చేసి, ఇప్పుడు ఖాళీ మగ్గం ఒక్కటి కూడా లేదని చెప్పింది. పద్ధతి ప్రకారం నాకూ ఒక ప్రతి పంపారు. కలప వరుసలో, పాత భారం అన్న గడిలో, సున్నా ఉంది. ఆ స్థానంలో ఇంకేం రాయాలో నాకూ తెలియదు.

నిచ్చెన దిగిన ఆ రోజు సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే ఇంటికి వచ్చాను. చప్పుడు ఆగి ఉంటుందని మెట్లెక్కుతూ అనుకున్నాను. అత్తమ్మ కుర్చీలో ఉంది. మంచినీళ్ళు తీసుకుని ఆమె పక్కన కూర్చుంటే నా కుడిచెయ్యి పట్టుకుంది. గోళ్ళ సందుల్లో పచ్చ రంగు ఉంది, వేళ్ళకు కర్రపొడి ఉంది. ఆ వేళ్ళను ముక్కు దగ్గరికి తీసుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు వదల్లేదు.

"ఇంటికి పొయ్యచ్చినవా?" అంది.

ఇల్లు లేదత్తా అనాలి. ట్యాంకు నీడలో అనగలిగిన మాటే. కాగితం మీద రాసి సంతకం పెట్టిన మాటే.

"పొయ్యచ్చిన," అన్నాను.

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఒక చేత్తో నా వేళ్ళు పట్టుకునే, రెండో చేత్తో నడుము తడుముకుంది. తాళంచెవి అక్కడే ఉంది.

"మరి తాళం ఎట్ల తీసినవ్ బిడ్డ?"

నేను నిటారుగా కూర్చున్నాను. ఆమె జవాబు కోసం ఎదురుచూస్తూ బొటనవేలితో గచ్చును నెట్టింది. కుర్చీ కదల్లేదు. పైన, కాంక్రీటు కప్పులో, కిర్రుమంది.